గ్వాంగ్‌జౌలో బస

2024 ఏప్రిల్‌లో, ఈదుల్ ఫిత్ర్ గడిచి వారం తిరగకముందే, నేనూ మా పెద్దబ్బాయీ చైనాలోని గ్వాంగ్‌జౌ నగరానికి బయలుదేరాము. విహారయాత్ర కాదు. మాకు గుంటూరులో ఒక చిన్న దుకాణం ఉంది. లేసులు, బొత్తాలు, జిప్పులు, జాకెట్లకు వేసే జరీ అంచులు, బుర్ఖాలకు కుట్టే రాళ్ళ పట్టీలు అమ్ముతాము. సరుకు కోసం మా వారు అంతకు ముందు నాలుగుసార్లు గ్వాంగ్‌జౌ వెళ్ళి వచ్చారు. ఆ జనవరిలో ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. ఆరు నెలల వరకు దూర ప్రయాణాలు వద్దని డాక్టర్లు చెప్పారు. దుకాణంలో అరలు ఖాళీ అవుతున్నాయి. పెళ్ళిళ్ళ కాలం దాటిపోతే ఆ సంవత్సరం గడవడం కష్టం. అబ్బాయికి ఇరవై ఏళ్ళు, సెల్‌ఫోన్‌లో ఏ పనైనా చేయగలడు, కాని ఏ లేసు ఉతికితే ముడుచుకుపోతుందో వాడికి తెలియదు. నాకు అది వేళ్ళతో తాకితే తెలుస్తుంది. అందువల్ల ఇద్దరమూ వెళ్ళవలసి వచ్చింది.

చేతిలో ఉన్న డబ్బులో సగం మా ఆపా వడ్డీ లేకుండా ఇచ్చినది. అది అమానతు వంటిది. ఒక యువాన్ అప్పుడు మన రూపాయలలో సుమారు పన్నెండు. బసకు అదనంగా పెట్టే ప్రతి వంద యువాన్లూ ఒక గ్రోసు మంచి బొత్తాలకు సమానమని మనసులో లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఆ లెక్కే మమ్మల్ని మొదటి రాత్రి వీధిలో నిలబెట్టింది.

అబ్బాయి ఫోన్‌లో వెతికి, బట్టల బజారుకు దగ్గరలో ఒక చైన్ హోటల్‌లో గదిని చూశాడు. రోజుకు 138 యువాన్లు. ఫోటోలో తెల్లటి దుప్పటి, పచ్చటి గోడ, చిన్న బల్ల. "అమ్మీ, బజారుకు నడిచి వెళ్ళవచ్చు, మెట్రో ఖర్చు కూడా మిగులుతుంది" అన్నాడు. మా వారు మంచం మీద పడుకునే విన్నారు. "ధర తరువాత చూడరా. మసీదు ఎంత దూరమో ముందు చూడు" అన్నారు. ఆయన దీన్‌దారీ కొద్దీ అంటున్నారని మేమిద్దరమూ అనుకున్నాము. నమాజు గదిలోనే చేసుకోవచ్చు కదా అని నేనే సమాధానం చెప్పాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

కౌలాలంపూర్ మీదుగా వెళ్ళి, బైయున్ విమానాశ్రయంలో దిగి, తనిఖీలు పూర్తిచేసుకుని నగరంలోకి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. హోటల్ కౌంటరు దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మా పాస్‌పోర్టులు చూసి, ఎవరికో ఫోన్ చేసి, తన ఫోన్‌లో ఏదో పలికి, ఇంగ్లీషులోకి మారిన వాక్యాన్ని మాకు చూపింది. ఈ హోటల్‌లో విదేశీయులను దింపుకోరు అని దాని అర్థం. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. లేచి నిలబడి, తల వంచి, మరో హోటల్ ఉన్న దిక్కు చూపింది కూడా. అక్కడికి వెళితే అక్కడా అదే మాట. మూడోచోట గది ఉంది గాని 520 యువాన్లు అన్నారు. నా పెట్టె చక్రాల్లో ఒకటి అప్పటికే విరిగిపోయింది. అబ్బాయి మొహం చూడలేకపోయాను. వాడు నా మొహం చూడలేదు.

వీధి మలుపులో ఒక నూడుల్స్ దుకాణం ఇంకా తెరిచి ఉంది. లోపల తెల్ల టోపీ పెట్టుకున్న నడివయసు మనిషి పిండిని రెండు చేతులతో సాగదీస్తున్నాడు. అబ్బాయి తలుపు దగ్గర ఆగి సలాం చేశాడు. ఆయన చేతిలో పిండి అలాగే పట్టుకుని జవాబు సలాం చెప్పాడు. ఆ దేశంలో మాకు అర్థమైన మొదటి మాట అది. ఆయనది చింగ్‌హాయ్ ప్రాంతమని తరువాత తెలిసింది. రెండు గిన్నెల నూడుల్స్ మా ముందు పెట్టి, మేము తినేలోగా ఫోన్ మీద ఫోన్ చేశాడు. మూడో ఫోన్‌కు ఎవరో ఒప్పుకున్నారు. విదేశీ పాస్‌పోర్టు తీసుకునే హోటల్, గదికి 320 యువాన్లు, కిటికీ లేదు. నూడుల్స్‌కు మామూలు ధరే తీసుకున్నాడు, ఫోన్లకు ఇవ్వబోతే మాత్రం చేయి అడ్డం పెట్టాడు. పన్నెండున్నరకు మేము ఒక మంచం మీద వాలాము.

ఆ రాత్రి మేము చేసిన తప్పులు రెండు. మొదటిది తేదీల తప్పు. గ్వాంగ్‌జౌలో 1957 నుండి కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వాణిజ్య ప్రదర్శన జరుగుతోంది. ఏటా రెండుసార్లు, వసంతంలో ఏప్రిల్ 15 ప్రాంతంలో, శరదృతువులో అక్టోబరు 15 ప్రాంతంలో ఆరంభమై, మూడు విడతలుగా సాగుతుంది. ప్రపంచం నలుమూలల నుండి వ్యాపారులు వస్తారు. ప్రదర్శనశాల ఉన్న పాజౌ, మేము వెళ్ళవలసిన బట్టల బజారు, రెండూ హైజూ జిల్లాలోనే ఉన్నాయి. ఆ రోజులలో ఆ చుట్టుపక్కల గది ధరలు రెట్టింపు కావడంలో వింత లేదు. మా వారు వెళ్ళిన నాలుగుసార్లూ జూలైలోనో డిసెంబరులోనో వెళ్ళారు. అందుచేత ఆయన చెప్పిన ధరలు మాకు అక్కరకు రాలేదు. ప్రదర్శనతో పని లేనివారు ఆ తేదీలను తప్పించుకోవడం కన్నా బస ఖర్చు తగ్గించే ఉపాయం మరొకటి లేదు.

రెండో తప్పు, అడగవలసిన ప్రశ్న అడగకపోవడం. చైనాలో విదేశీయుడు ఎక్కడ రాత్రి గడిపినా ఆ సంగతి పోలీసులకు నమోదు కావాలి. హోటల్ అయితే వారే పాస్‌పోర్టు, వీసా చూసి నమోదు చేస్తారు. బంధువుల ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో దిగితే 24 గంటలలోగా మనమే పోలీసు ఠాణాలో నమోదు చేయించుకోవాలి. చాలా చిన్న హోటళ్ళు ఈ పని తెలియకో, జంజాటం ఎందుకనో విదేశీయులను తిప్పి పంపేవి. అర్హత లేదన్న సాకుతో విదేశీయులను నిరాకరించరాదని ప్రభుత్వ శాఖలు 2024లోనే హోటళ్ళకు స్పష్టం చేశాయి. అయినా అర్ధరాత్రి కౌంటరు దగ్గర నిలబడి నిబంధన చెప్పే ఓపిక ఎవరికి ఉంటుంది? భారతీయ పాస్‌పోర్టుతో గది ఇస్తారా అని డబ్బు కట్టకముందే హోటల్‌కు రాసి, వారి జవాబును ఫోన్‌లో దాచుకోవడం మేలు. పాత బస వివరాలలో విదేశీయులు రాసిన అభిప్రాయాలు కనిపిస్తే అది మరింత నమ్మదగిన గుర్తు.

ఈ నమోదు ఈనాటి పద్ధతి కాదు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో ఖాజీగా పనిచేసి, ఆయన రాయబారిగా చైనాకు బయలుదేరిన ఇబ్న్ బతూతా తన యాత్రా వృత్తాంతంలో చైనా సత్రాలను గురించి వివరంగా చెప్పాడు. చీకటి పడగానే సత్రం అధికారి తన గుమస్తాతో వచ్చి, ఆ రాత్రి బసచేసే వారందరి పేర్లూ రాసుకుని, తలుపుకు తాళం వేయించేవాడట. తెల్లవారి మళ్ళీ వచ్చి పేరు పేరునా పిలిచి సరిచూసుకునేవాడట. ముస్లిం వర్తకుడు ఊరికి వస్తే, అక్కడ స్థిరపడిన ముస్లిం వర్తకుని ఇంట్లో దిగుతావా, సత్రంలో దిగుతావా అని అడిగేవారట. ఎక్కడ దిగినా అతని సొమ్ముకు ఆ ఇంటివాడో, ఆ సత్రంవాడో పూచీ. ప్రయాణికునికి ఇంత క్షేమమైన దేశం మరొకటి లేదని ఆయన మెచ్చుకున్నాడు. అది పద్నాలుగో శతాబ్దపు మాట. మా పాస్‌పోర్టులను యంత్రం మీద పెట్టి, కెమెరా వైపు చూడమన్నప్పుడు నాకు మొదట బెరుకు కలిగింది. తరువాత ఆలోచిస్తే, ఆ గుమస్తా కలమే ఈ కెమెరా అయిందనిపించింది.

కిటికీ లేని గది అంటే ఏమిటో ఆ రాత్రి తెలిసింది. చైనా చవక హోటళ్ళలో ఇటువంటి గదులు చాలా ఉంటాయి. ధర తక్కువగా కనిపించే గదులలో చాలావరకు ఇవే. ఇంకొక రకం ఉంది. కిటికీ ఉందని రాస్తారు, తెర తీస్తే వరండా కనిపిస్తుంది. దానిని 'లోపలి కిటికీ' అంటారు. గాలి, వెలుతురు సంగతి అలా ఉంచండి. తెల్లవారిందో లేదో, దిక్కు ఏదో తెలియదు. ఫజ్ర్‌కు లేచి అబ్బాయి ఫోన్‌లో దిక్సూచి తెరిస్తే, మంచం పక్కన ఒక వైపు, తలుపు దగ్గర మరొక వైపు చూపించింది. గోడలలోని ఇనుముకు అది తడబడుతుంది. చివరికి వాడు మెట్లు దిగి వీధిలోకి వెళ్ళి, దిక్కు చూసుకుని, దారి పొడవునా ఎటు తిరిగాడో గుర్తుపెట్టుకుంటూ పైకి వచ్చాడు.

ఖిబ్లా విషయంలో ఒక ముచ్చట. గుంటూరులో మనం పడమరకు తిరిగి, కొద్దిగా ఉత్తరంగా, సుమారు 14 డిగ్రీలు ఒరుగుతాము. ఇంత తూర్పుకు వచ్చాము కదా, ఎంత మారుతుందో అనుకున్నాము. లెక్క చూస్తే గ్వాంగ్‌జౌలోనూ దాదాపు అంతే! భూమి గుండ్రంగా ఉండడం వల్ల అలా కుదిరింది. పడమర ఎటో తెలిస్తే చాలు, మిగిలినది మన ఇంటి అలవాటే. అందుకే కిటికీ కావాలి. సాయంత్రం పొద్దు ఎటు వాలుతుందో చూసుకుంటే ఏ యంత్రమూ అక్కరలేదు.

ఆ గదిలో మరొక ఇబ్బంది, చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పక తప్పదు. స్నానాల గదికి గోడ బదులు అద్దం ఉంది. లోపలి మనిషి బయటికి కనిపిస్తుంది. చైనా హోటళ్ళలో, చవకవాటిలోనే కాదు, ఖరీదైనవాటిలో కూడా ఇది ఒక మోజు. భార్యాభర్తలకైతే ఏమో గాని, ఎదిగిన కొడుకుతో వచ్చిన తల్లికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. నేను లోపలికి వెళ్ళినప్పుడల్లా వాడు మాట్లాడకుండా వరండాలోకి వెళ్ళి నిలబడేవాడు. కుటుంబంతో వెళ్ళేవారు మంచాల ఫోటో కాదు, స్నానాల గది ఫోటో చూడాలి. ఫోటో లేకపోతే అడిగి తెప్పించుకోవాలి. అద్దం ఉంటే తెర ఉందా అని విచారించాలి. రెండు వేరు వేరు మంచాల గది కావాలని ప్రత్యేకంగా చెప్పాలి, లేకపోతే ఒకే పెద్ద మంచం గది ఇస్తారు.

మరునాడు ఉదయం మా వారికి ఫోన్ చేశాము. మన దేశపు సిమ్ మీద రోమింగ్ ఉంటే వాట్సాప్ పనిచేస్తుంది. హోటల్ వైఫై మీద పనిచేయదు. జరిగింది విని ఆయన నవ్వలేదు, దెప్పలేదు. "షావ్‌బేయ్ వెళ్ళండి" అన్నారు.

షావ్‌బేయ్ నగరం నడిబొడ్డున యుయెషియు జిల్లాలో ఉంది. మెట్రో 5వ మార్గంలో పాత రైల్వే స్టేషన్‌కు ఒక్క స్టేషన్ అవతల. ఆఫ్రికా, అరబ్ దేశాల వర్తకులు ఏళ్ళ తరబడి వచ్చి దిగే పేట అది. మా వారు మసీదు దూరం చూడమన్నది ఎందుకో అక్కడ దిగిన అరగంటలో అర్థమైంది. మసీదుకు దగ్గరి పేటలో హలాల్ భోజనం ఉంటుంది. హలాల్ భోజనం ఉన్నచోట విదేశీ ముస్లింలు దిగుతారు. వారు దిగే హోటళ్ళకు పాస్‌పోర్టు నమోదు చేయడం రోజూ చేసే పని. కౌంటరులో ఉన్న కుర్రవాడు మా పాస్‌పోర్టులు తీసుకుని, మేము కూర్చునేలోగా నమోదు ముగించి తాళపు కార్డులు ఇచ్చాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యం లేకపోవడమే నాకు ఆ రోజు దొరికిన పెద్ద మర్యాద.

గది 236 యువాన్లు. 138కి, దీనికి తేడా చూసి అబ్బాయి గొణిగాడు. నేను కాగితం తీసి లెక్క వేయించాను. బజారు దగ్గర దిగి ఉంటే హలాల్ భోజనానికి రోజూ ఎంత తిరగాలి, రాత్రి చీకటి పడ్డాక ఎలా తిరిగి రావాలి, నమోదు కోసం ఎవరిని బతిమాలాలి? ఇక్కడి నుండి బజారుకు మెట్రోలో రెండు చోట్ల మారాలి. పాత రైల్వే స్టేషన్‌లో 2వ మార్గం, చాంగ్‌గాంగ్‌లో 8వ మార్గం ఎక్కి లుజియాంగ్‌లో దిగాలి. ముప్పావు గంట, మనిషికి నాలుగైదు యువాన్లు. ఉదయం వెళ్ళేటప్పుడు చేతులు ఖాళీ, సాయంత్రం నమూనాల సంచులు మాత్రమే. పెద్ద మూటలు ఎలాగూ సరుకు రవాణావాళ్ళే బజారు నుండి తీసుకుపోతారు. బజారుకు దగ్గర కావాలన్న మా పట్టుదలకు అర్థమే లేదని అప్పుడు తేలింది.

చైన్ హోటళ్ళ సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే పేరును చూసి మోసపోవడం సులభం. చైనాలో ఈ చవక గొలుసు హోటళ్ళ వరుస 1990ల చివర షాంఘైలో జిన్‌జియాంగ్ ఇన్‌తో ఆరంభమైంది. 2002లో హోమ్ ఇన్ వచ్చింది. దాని చైనా పేరు రూజియా, 'ఇల్లులాంటిది' అని అర్థం. 2005లో హాన్‌టింగ్, అదే సంవత్సరం ఈ గ్వాంగ్‌జౌలోనే సెవెన్ డేస్ ఇన్ పుట్టాయి. హోమ్ ఇన్ స్థాపకులలో ఒకరైన జీ ఛీ అనే వ్యాపారవేత్తే తరువాత హాన్‌టింగ్ పెట్టారు. సెవెన్ డేస్ మాతృసంస్థలో అత్యధిక వాటాను 2015లో జిన్‌జియాంగ్ కొనుక్కుంది. అంటే బోర్డులు పోటీ పడుతున్నట్లు కనిపించినా, వెనుక ఇళ్ళు రెండు మూడే. అంతకన్నా ముఖ్యమైనది, ఒకే బోర్డు కింద ఉన్న హోటళ్ళన్నీ ఆ సంస్థ నడిపేవి కావు. చాలావాటిని స్థానిక యజమానులు ఆ పేరు వాడుకునే హక్కు తీసుకుని నడుపుతారు. దుప్పటి, సబ్బు, గోడ రంగు ఒకటే. కార్పెట్ వాసన, నీటి ధార, కౌంటరు మనిషి తీరు మాత్రం యజమానిని బట్టి ఉంటాయి. అందుచేత ఫలానా చైన్ మంచిది అని చెప్పడం కన్నా, ఫలానా వీధిలోని ఫలానా హోటల్ మంచిది అని చెప్పేవారి మాటకే విలువ ఎక్కువ. అది ఎప్పుడు కట్టారో, చివరిసారి ఎప్పుడు బాగుచేశారో చూడాలి. కొత్తగా బాగుచేసిన చిన్న పేరు, పాతబడిన పెద్ద పేరు కన్నా నయం.

గదితోపాటు ఉదయపు ఫలహారం కలిపిన ధర, కలపని ధర అని రెండు చూపిస్తారు. మనకు కలపనిదే తీసుకోవాలి. వడ్డించే వంటకాలలో పంది మాంసం దేనిలో కలిసిందో చూసి చెప్పడం కష్టం. ఆవిరిపై ఉడికించిన తెల్లటి ఉండలు అమాయకంగానే కనిపిస్తాయి, లోపల ఉండేది మాత్రం అదే. కోడిగుడ్లు, పండ్ల కోసం అంత డబ్బు పోయనక్కరలేదు. ప్రతి గదిలోనూ నీళ్ళు కాచుకునే కెటిల్ ఉంటుంది. కుళాయి నీరు కాచకుండా తాగకూడదు. అయితే ఆ కెటిల్‌లో ముందు దిగినవారు ఏమి ఉడికించారో ఎవరికి తెలుసు? మా వారు ఎప్పుడూ తన చిన్న కెటిల్ తీసుకువెళ్ళేవారు. మేము అది మరచిపోలేదు. దాని మూడు పిన్నుల ప్లగ్ అక్కడి సాకెట్‌కు పట్టదన్న సంగతి మరచిపోయాము. కన్వర్టర్ కొనుక్కోవలసి వచ్చింది. స్నానాల గదిలో మనకు అలవాటైన నీటి వసతి ఉండదు కనుక ఒక ప్లాస్టిక్ లోటా పెట్టెలో వేసుకోవాలి.

భోజనానికి 'ఛింగ్‌జెన్' అన్న రెండు అక్షరాలను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఛింగ్ అంటే నిర్మలం, జెన్ అంటే సత్యం. హలాల్ అన్న మాటకు చైనా ముస్లింలు వాడే పేరు అది. బోర్డుపై అరబీ అక్షరాలు కూడా ఉంటాయని ఎదురుచూస్తే చాలా దుకాణాలు కళ్ళముందే దాటిపోతాయి. ఆ రెండు అక్షరాలను కాగితంపై పెద్దగా రాయించుకుని నేను పర్సులో పెట్టుకున్నాను. లాంజౌ నూడుల్స్ అమ్మే దుకాణాలు నగరమంతటా ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగం చింగ్‌హాయ్, గాన్సు ప్రాంతాల ముస్లింలవే. ఆ పేరు పెట్టుకున్న ప్రతి దుకాణమూ వారిదని మాత్రం అనుకోరాదు. ఛింగ్‌జెన్ పత్రం గోడకు తగిలించి ఉందా, లోపల సారా సీసాలు ఉన్నాయా అని చూసి కూర్చోవాలి.

నమాజు వేళలకూ హోటల్ వేళలకూ ఒక చిక్కు ఉంది. చైనా అంతటికీ ఒకే గడియారం, బీజింగ్ సమయం. గ్వాంగ్‌జౌ దానికి పడమరగా ఉన్నందున అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఏప్రిల్‌లో సుమారు పన్నెండున్నర అవుతుంది. సంవత్సరంలో ఏ రోజునా పన్నెండుకు ముందు జుహర్ వేళ కాదు. గది ఖాళీ చేయవలసిన సమయమేమో సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. మేము హనఫీలము, ప్రయాణంలో ఖస్ర్ చేస్తాము గాని రెండు నమాజులను కలిపి చేయము. కనుక తిరుగు ప్రయాణం రోజున జుహర్ ఎక్కడ చేయాలన్న ప్రశ్న ముందే తేల్చుకోవాలి. కొన్ని చైన్లు తమ సభ్యత్వ కార్డు ఉన్నవారికి మరో గంటో రెండు గంటలో గడువు ఇస్తాయి. సభ్యత్వం వల్ల ధర కూడా కొంత తగ్గుతుంది, అడిగితేనే చెబుతారు. మాకు ఒంటిగంట వరకు ఇచ్చారు. దిగేటప్పుడు కట్టిన ధరావతు రసీదు భద్రంగా ఉంచుకోవాలి, అది చూపితేనే తిరిగి ఇస్తారు.

శుక్రవారం బజారు పని మధ్యాహ్నానికే ఆపి షియాన్‌షియాన్ మసీదుకు వెళ్ళాము. పాత రైల్వే స్టేషన్‌కు దగ్గరలో, చెట్ల మధ్య ఉంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సహాబీ హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఇక్కడ ఖననమై ఉన్నారని చైనా ముస్లింలు తరతరాలుగా చెప్పుకుంటారు. చరిత్ర గ్రంథాల ప్రకారం ఆయన మదీనా సమీపంలో మరణించి జన్నతుల్ బఖీలో ఖననమయ్యారు. ఆ సంగతి తెలిసినా, ఆ గుమ్మటం ముందు నిలబడినప్పుడు, సముద్రాలు దాటి వచ్చి ఈ నేలలో కలిసిపోయిన పేరు తెలియని విశ్వాసులెందరో గుర్తుకు వచ్చారు. లోపల మాట ప్రతిధ్వనిస్తుంది కనుక దానిని ధ్వనించే సమాధి అని కూడా పిలుస్తారట. అబ్బాయి జుమాకు లోపలికి వెళ్ళాడు. నేను తోటలో చెట్టు కింద కూర్చున్నాను. హౌసా, అరబీ, ఉర్దూ, చైనీస్, అన్నీ ఒకే వరుసలో చెప్పులు విప్పుతున్నాయి. నా పక్కన ఒక చైనా వృద్ధురాలు నా చేతిలోని లేసు నమూనాను తీసుకుని, వెనక్కు తిప్పి కుట్టు చూసి, పెదవి విరిచింది. నిజమే, అది నాసిరకం. ఆ లేసు ఆర్డరు ఆ సాయంత్రమే రద్దు చేశాను.

పాత నగరంలో గ్వాంగ్‌టా వీధిలోని హువాయ్‌షెంగ్ మసీదును కూడా బయటి నుండి చూశాము. పవిత్రమూర్తిని స్మరించే మసీదు అని దాని పేరుకు అర్థం. నున్నగా, తెల్లగా, 36 మీటర్ల ఎత్తున నిలిచిన దాని మీనార్‌ను దీపస్తంభం అంటారు. పెర్ల్ నదిలో వచ్చే ఓడలకు పూర్వం అది దారి చూపేదట. అరబ్ నావికులు ఖాన్‌ఫూ అని పిలిచిన రేవు ఈ నగరమే. 851 నాటి ఒక అరబీ గ్రంథం ఇక్కడి ముస్లింలకు ఒక ఖాజీ ఉండేవాడని చెబుతోంది. ఓడ దిగిన వర్తకుడు ఆ మీనార్ చూసి, దాని నీడలోనే బస వెతుక్కునేవాడు కాబోలు. వాడికి ఎవరూ ఫోన్‌లో ఫోటోలు చూపలేదు.

ఆరు రాత్రుల బసకు, ఆ మొదటి రాత్రితో కలిపి, 1,500 యువాన్లు అయింది. అబ్బాయి మొదట వేసిన అంచనా 828. తేడా 672. ఆపాకు లెక్క చూపించినప్పుడు ఆ తేడాను దాచలేదు. ఆమె కాగితం మడిచి, "మీరు రాత్రి ఎక్కడ పడుకున్నారో నాకు తెలియకుండా ఉండి ఉంటే ఎంత అయ్యేది?" అని అడిగి, టీ పెట్టడానికి లేచింది.

సరుకు మేలో చేరింది. రంజాన్ నాటికి ఆపా అప్పు సగం తీర్చగలిగాము. తరువాతి ప్రయాణానికి మా వారికి డాక్టరు అనుమతి ఇచ్చారు. ఈసారి ప్రదర్శన తేదీలు చూసి, వాటికి దూరంగా రోజులు పెట్టుకున్నాము. షావ్‌బేయ్‌లో అదే హోటల్‌కు అబ్బాయి రాస్తూ, పాస్‌పోర్టు, కిటికీ, స్నానాల గది, రెండు మంచాలు, ఖాళీ చేసే వేళ అని వరుసగా ప్రశ్నలు పెట్టాడు. మా వారు పక్కనుండి చూసి, ఇంకొకటి రాయమన్నారు. మేము నాలుగో అంతస్తులో దిగాము, రోజుకు పదిసార్లు ఎక్కి దిగాము, మాకు ఆ ప్రశ్న తోచనే లేదు. లిఫ్టు ఉందా అని అడగమన్నారు ఆయన.